నూలు అందించిన చేతులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో గొడవంతా ఒక గుంట గురించి. ముందరి గదిలో కిటికీ పక్కన, కాళ్లు దించుకుని కూర్చుని నేసేందుకు మా నాయిన తవ్వించిన మగ్గం గుంట. నా భార్య లక్ష్మీనర్సమ్మ పోయిన తర్వాత నేను అందులో కాళ్లు పెట్టలేదు. మగ్గం మీద దుమ్ము పడితే తుడిచేవాణ్ని, కిటికీ రెక్క మూసేవాణ్ని, అంతే.

నా కొడుకు రాజేందర్ చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మాట తక్కువ మనిషి. వాడికి ఆ గది కావాలి. తన కోసం కాదు, బిడ్డ కోసం. మా మనవరాలు అఖిల ఐదు పాసై ఆరో తరగతిలోకి వస్తోంది. పిల్లకు ఒక టేబుల్, ఒక కూలర్, తలుపు ఉన్న ఒక గది ఉండాలని వాడి పట్టుదల. అది తప్పని నేను ఏ నోటితో అనను? అందుకే వేరే సాకు చెప్పేవాణ్ని.

"బాపు, గుంట పూడ్పిచ్చి బండలు పరిపిస్త. మగ్గం ఇప్పి వెనక రేకుల కింద పెడ్త. ఎట్లాగు నేస్తలేవు గద."

"నూలున్న మగ్గం ఇప్పరు," అనేవాణ్ని.

అది మా ఇంటి పట్టింపు. వాడికీ తెలుసు. అక్కడికి మాట ఆగిపోయేది.

ఆ నూలు సంగతి కొంచెం చెప్పాలి. పడుగు, అంటే మగ్గం మీద నిలువునా సాగే నూలు, అయిపోయాక నేసిన బట్టను కోసి తీసేస్తాం కానీ, చివరి జానెడు నూలును మగ్గం మీదే వదిలేస్తాం. పన్నె అని సన్నటి పళ్లున్న దువ్వెన లాంటిది ఒకటి ఉంటుంది. దాని వెనక దారపు కళ్లు వరుసగా ఉంటాయి. ఆ కళ్లలోంచి, ఆ పళ్లలోంచి దూరి వచ్చిన పోగులన్నీ అట్లే ఉండిపోతాయి. కొత్త పడుగు తెచ్చాక వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను పురిపెట్టి అతికిస్తాం. మెల్లగా లాగితే పాతది కొత్తదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. పాత నూలే లేకపోతే ప్రతి పోగునూ మొదటి నుంచి ఎక్కించాలి. దానికి ఇద్దరు కావాలి. వెనక కూర్చున్న మనిషి పోగు అందించాలి, ముందర కూర్చున్న మనిషి అందుకోవాలి.

మా ఇంట్లో అందించింది లక్ష్మీనర్సమ్మ. రాజేందర్ పెళ్లి చేసిన ఏడు కొత్త పన్నె తెచ్చుకుని ఇద్దరం కలిసి ఎక్కించాం. ప్రతి పోగుకూ వెనక నుంచి "పట్టు" అనేది. పొద్దంతా అదే మాట. ఒకసారి విసుగొచ్చి, "నాకు కనవడ్తలేదానే, నోరు మూస్కొని ఇయ్యరాదు" అన్నాను. "నీ ధ్యానం యాడున్నదో నాకేం ఎర్క. పట్టు" అంది. ఆ తర్వాత ఎన్ని పడుగులు నేసినా అతుకు మీద అతుకే. మగ్గం మీద మిగిలిన ఆ చివరి జానెడు కూడా ఆమె వేళ్లతో అతికినదే. ఆమె చనిపోయిన ఏడు కొన్న పడుగు ఒకటి ప్లాస్టిక్ సంచిలో, కలరా ఉండల మధ్య, అటక మీద అట్లే ఉంది. ఒక్కణ్నే అతుక్కోవచ్చు. కానీ మనసు రాలేదు.

నా కోడలు రమ తల్లిగారింటి నుంచే చర్చికి పోయే మనిషి. పెళ్లి మాటలప్పుడు నేను గుర్రుమన్నాను. లక్ష్మీనర్సమ్మే నా నోరు మూయించింది. ఆదివారం పొద్దున, "నువ్వు పో బిడ్డా, వంట నేను జూస్కుంట" అని కోడలిని పంపేది కూడా తనే. తను మాత్రం ఎన్నడూ చర్చి గడప తొక్కలేదు. మార్కండేయుడి పటం ముందర దీపం పెట్టుకుని, కోడలు తిరిగొచ్చేదాకా అన్నం తినకుండా కూర్చునేది.

మా ఊరు మర్రిగూడకు పోయే తోవలో ఉంటుంది. చర్చి చిన్నది, రేకులది. మే నెలలో అక్కడ పిల్లలకు ఎండాకాలం బడి పెడతారు. ఎవరి పిల్లలైనా పోతారు. ఫ్యాన్లుంటాయి, పాటలుంటాయి, మధ్యలో నిమ్మకాయ షర్బత్ ఉంటుంది. పాస్టరు బెంజమిన్ మేళ్లచెరువు నుంచి వచ్చినవాడు, నెమ్మదైన మనిషి. పాఠాలు చెప్పేది మా రమ.

ఆ ఏడు పాఠం వంశావళి. మొదటి రోజు సాయంత్రం రమ ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"మామా, ఫలానాయన ఫలానాయనను కన్నడు, ఆయన ఇంకొకాయనను కన్నడు అని సదువుతాంటే పిల్లలందరు తూగవట్టిరి. రాజేశ్ అయితే గురక గూడ పెట్టిండు."

"నువ్వు గా ముక్క జెప్తాంటే నాకు గూడ నిద్రొస్తాంది," అన్నాను.

ఆమె నవ్వింది కానీ, ఆలోచన మానలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ చటుక్కున తలెత్తింది. "రేపటి సంది నోటితోని గాదు, చేతులతోని జేపిస్త. ఎవరింటి వంశం వాళ్లే తేవాలె. వాళ్ల తాతదో అవ్వదో చెయ్యి తాకిన వస్తువు ఒకటి తెచ్చి గోడకు కట్టాలె, దాని ముచ్చట జెప్పాలె."

"మంచిగనే ఉన్నది," అన్నాను. నిజంగానే బాగుందనిపించింది.

మరుసటి రోజు పొద్దున్నే అఖిల ఇల్లంతా తిరగేసింది. పెట్టెలు తెరిచింది, గూళ్లు వెతికింది, మంచం కిందికి దూరి వెంట్రుకలకు బూజు అంటించుకుని బయటికొచ్చింది.

"తాతా, అవ్వది ఏమున్నది?"

ఏమీ లేదు. పోయినవాళ్ల బట్టలు మా ఇంట్లో ఉంచుకోం. చీరలన్నీ దినం నాడే ఇచ్చేశాం. ఆమె పడుకున్న నులక మంచం కూడా ఇచ్చేశాం. గోడ మీద ఫోటో ఉంది.

"ఫోటో అవ్వదే గని, అవ్వ చేతితోని పట్టింది గాదు గద," అని అఖిల దాన్ని కొట్టిపారేసింది. పిల్ల చెప్పింది సబబే. సరే వెతుక్కో అని చెప్పి, నేను చాయ్ తాగడానికి వెంకన్న హోటలుకు వెళ్లాను. అక్కడ నలుగురు కలిస్తే లేవబుద్ధి కాదు.

తిరిగొచ్చేసరికి ఎండ కిటికీలోంచి మగ్గం మీద పడుతోంది. ఎందుకో బోసిగా కనిపించింది. దగ్గరికి వెళ్లి చూశాను. పన్నెలో ఒక్క పోగు లేదు. దాని వెనక కళ్లన్నీ ఖాళీ. ముందర పోగులను పట్టి ఉంచే పుల్ల కింద పడి ఉంది. గుంట అంచు మీద కత్తెర.

నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. లక్ష్మీనర్సమ్మ నా చెవులు చూసే రాజేందర్‌ను పక్కింటికి పంపేది. ఆ రోజు చెవులు కాలుతుంటే, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా చర్చికి నడిచాను. ఏమేం అనాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. కోడలిని రెండు మాటలు, పాస్టరును నాలుగు మాటలు. మనవరాలిని ఏమనాలో మాత్రం తోచలేదు.

తలుపు తీసే ఉంది. లోపల గోడ మీద గోధుమ రంగు కాగితాలు అతికించి పెద్ద చెట్టు చేశారు. కొమ్మకొమ్మకూ ఒక వస్తువు వేలాడుతోంది. గొర్లు కాసే వాళ్ల పిల్లగాడు రాజేశ్ కట్టిన మంద గంట, త్రివేణి వాళ్ల అవ్వ జొన్నరొట్టెల పెనం, ఎవరి తాతదో బ్యాటరీ లైటు. వాటి నడుమ ఎరుపు, నలుపు, తెలుపు పోగులతో అల్లిన జడ ఒకటి. కొసకు అఖిల రిబ్బను ముడి. కింద అట్టముక్క మీద అఖిల రాత: మా అవ్వ చెయ్యి.

అఖిల నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, జూసినవా. ఇంట్ల అవ్వ తాకింది ఇదొక్కటే మిగిలింది. జరంత తీద్దామనుకున్న. ముడి కోసి గుంజితే పుల్ల జారి అంత ఊడొచ్చింది. అయినా మంచిగైంది, జడ లావొచ్చింది."

రమ వెనక నిలబడి ఉంది. జడ దేనితో అల్లారో ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది. ముఖంలో రంగు లేదు. "మామా..." అని ఆగిపోయింది.

తోవంతా కూర్చుకున్న మాటలు ఎటు పోయాయో నాకు తెలియదు. ఆ జడనే చూస్తూ నిలబడ్డాను. మూడేళ్లుగా ఇంట్లో ఎవరూ ఆమె కోసం ఇంత వెతకలేదు. నేను కూడా వెతకలేదు.

"షర్బతున్నదా?" అన్నాను.

పాస్టరు గ్లాసు తెచ్చిచ్చాడు. తాగి, గ్లాసు అక్కడ పెట్టి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం వాకిట్లో అందరం అన్నానికి కూర్చున్నాం. విషయం రాజేందర్‌కు రమే చెప్పింది. వాడు సంతోషపడలేదు, అంత మాట అనకూడదు. చాలాసేపు పప్పన్నం కలుపుతూ ఉండి, చివరికి మెల్లగా అడిగాడు.

"ఇగ నూలు లేదు గద, బాపు. ఇప్పొచ్చా?"

"ఇప్పుకో," అన్నాను. ఇంకేం అనను?

అఖిల మా ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏంది ఇప్పేది?"

తల్లి చెప్పింది. మగ్గం సంగతి, గుంట సంగతి, నూలున్నంత సేపు మగ్గం ఇప్పరన్న సంగతి అన్నీ చెప్పింది. దాచి ఉంచడానికి ఇంక ఏముంది? పిల్ల నోట్లో ముద్ద అట్లే ఆగిపోయింది.

"నా రూము కోసమా?"

"నీకే బిడ్డా. మంచిగ సదువుకోవాలె గద," అన్నాడు రాజేందర్.

"నేనడిగిన్నా?"

అఖిల చేయి కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. ఏడుస్తూ ఉంటుందని నాకు తెలుసు. పోయి ఊకోబెట్టాలని లేచాను. కానీ నన్ను చూస్తే ఏడుపు ఎక్కువవుతుందేమోనని మళ్లీ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చి గుంట పూడ్చేందుకు వాకిలి ముందర మొరం కుప్ప పోసి పోయింది. రాజేందర్ మేస్త్రీని రమ్మని ఫోన్ చేసి, తాను సాయంత్రం వస్తానని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి రమ ముందరి గది తలుపు దగ్గర నిలబడి ఉంది.

"గుంటల కూసున్నది మామా. లేస్తలేదు."

అఖిల గుంటలోకి కాళ్లు దించుకుని, ఒళ్లో ఉప్మా గిన్నె పెట్టుకుని కూర్చుంది. కాళ్లు అడుక్కు అందడం లేదు. కళ్లు వాచి ఉన్నాయి.

"లే బిడ్డా. మేస్త్రీ వస్తడు."

"రానియ్యి. నన్ను గూడ పూడ్సుమను."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కొడుతుందని మీసం దువ్వుకున్నాను.

"తాతా, మల్ల ఎక్కియ్యరాదా?"

"ఇద్దరు గావాలె బిడ్డా. ఒకరు అందియ్యాలె, ఒకరు అందుకోవాలె."

"నేనున్న గద."

"చానా పోగులుంటయ్. నీకు ఇసుగొస్తది."

"మా క్లాసుల మస్తు మందిమున్నం."

నేను కోడలి వైపు చూశాను, ఈ పిల్లకు జర నువ్వైనా చెప్పు అన్నట్టు. రమ పైట కొంగు నడుముకు దోపుకుంది.

"మామా, ఈ పొద్దు క్లాసు ఈడనే పెడ్త. పాస్టరు గారికి నేను జెప్పుకుంట. చేతులతోని నేర్పుత అన్నది నేనే గద. ఎట్లెక్కియ్యాల్నో మీరు జెప్పుండ్రి, పిల్లలతోని నేను జేపిస్త."

"మేస్త్రీ వస్తే?"

"చాయ్ పోసి పంపిస్త."

అటక మీది సంచి దించాను. విప్పితే కలరా ఉండల వాసన గదంతా కొట్టింది. పడుగు చెక్కుచెదరలేదు. దాని కొసకు ముడి వేసింది లక్ష్మీనర్సమ్మే. ఆమె ముడులు విప్పడం ఎప్పుడూ నాకు చేత కాదు. ఆ రోజు కూడా చేత కాలేదు. రమ గోళ్లతో గిల్లి గిల్లి విప్పింది.

పిల్లలు వచ్చారు. గదిలో పట్టక వాకిట్లోకి కూడా నిండారు. నేను గుంటలో దిగాను. కాళ్లు పెట్టేసరికి అడుగున చల్లగా తగిలింది. పిల్లలు వంతుల వారీగా వెనక కూర్చుని ఒక్కొక్క పోగు కంట్లో దూర్చి ఇస్తే, నేను ఇనుప కొక్కెంతో పన్నె పళ్లలోంచి ఇవతలికి లాగాను. మొదటి రోజు నాలుగు వేళ్ల వెడల్పు కూడా కాలేదు. రాజేశ్ ఇచ్చిన పోగులన్నింటికీ గొర్రెల వాసన, త్రివేణి ఇచ్చినవాటికి మామిడికాయ ఉప్పుకారం. ఒక పొట్టి పిల్ల నా నోటి వంకే చూస్తూ, "తాతా, నీ పండ్లెందుకు గంత గార వట్టినయ్?" అని అడిగింది.

"మా బోరింగు నీళ్లు గసుంటియి, ఫ్లోరైడ్ నీళ్లు. మేం గవ్వే తాగినం. మీరు నల్లా నీళ్లు తాగి పెరిగిండ్రు, మీయి తెల్లగున్నయ్."

పిల్లలందరూ ఒకరి పళ్లు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. రమ ఇదే అదను అనుకుని, "మీ ఇంట్ల ఎవరెవరికి గార పండ్లున్నయో అడిగి రాండ్రి, రేపు జెప్పాలె" అంది. వంశావళి పాఠం ఎటు పోయి ఎటు వస్తోందో నాకు అర్థం కాలేదు. కానీ ఆ క్లాసులో ఒక్కరూ నిద్రపోలేదు.

చేతికి పని దొరికితే నా నోరు ఊరికే ఉండదు. ఈ మగ్గం ముందర ఎవరెవరు కూర్చున్నారో చెప్పుకొచ్చాను. నేను గండయ్య. నా ముందు మా నాయిన మల్లయ్య. ఆయన ముందు మా తాత సత్తయ్య, చిటికి కట్టడంలో చేయి తిరిగిన మనిషి, పోగుల మీద రబ్బరు ముడులు వేసి రంగులో ముంచితే పువ్వు ఎక్కడ లేవాలో అక్కడే లేచేది. ఆయన ముందు ముత్తాత లింగయ్య.

వెనక నుంచి అఖిల గొంతు వచ్చింది. "మరి అందిచ్చింది ఎవరు?"

"ఆఁ?"

"ఇద్దరు గావాలంటివి గద. లింగయ్య తాతకు నూలు ఎవరు అందిచ్చిండ్రు? సత్తయ్య తాతకు ఎవరు అందిచ్చిండ్రు?"

మా అమ్మ పేరు బాలమ్మ, అది చెప్పాను. మా తాత భార్యను నేను అవ్వా అని పిలిచాను. ఆమె పేరు నోట్లోకి రాలేదు. ఆమె చేతి సర్వపిండి రుచి గుర్తుంది, కసిరితే ఎట్లా కసిరేదో గుర్తుంది, పేరు మాత్రం లేదు. ముత్తాత భార్య సంగతి ఇంక చెప్పనే అక్కర్లేదు. ఇన్నేళ్లు లింగయ్య, సత్తయ్య, మల్లయ్య అని గొప్పగా చెప్పుకుంటూ తిరిగిన మనిషిని, పిల్లల ముందర కొక్కెం పట్టుకుని నోరు తెరిచి కూర్చున్నాను.

"మా బైబిల్ల గూడ గంతే మామా," అంది రమ మెల్లగా. "గా లిస్టంత మొగోళ్లే. ఆడోళ్లు ఐదుగురే కనవడ్తరు."

"గా ఐదుగురన్న ఉన్నరు గద," అన్నాను. నాకు సిగ్గేసింది.

నార్కట్‌పల్లిలో ఉండే మా అక్క నర్సింగమ్మకు ఫోన్ కలిపించాను. సెల్లు స్పీకర్‌లో పెట్టి మగ్గం మీద పెట్టింది అఖిల. హైవే మీద వాళ్ల పండ్ల బండి, వెనక లారీల మోత.

"అక్కా, మన అవ్వ పేరేంది?"

"ఏమైందిరా నీకు? పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. పేరు జెప్పు."

"ఈరమ్మరా. నిన్ను సంకల ఏసుకొని తిప్పిన మనిషి. గామె పేరు మర్సినవా, సిగ్గు లేనోడా."

పిల్లలు పగలబడి నవ్వారు. అఖిల సెల్లు మీదికి వంగింది. "అమ్మమ్మా, గంతకు ముందటి అవ్వ?"

లారీ ఒకటి పోయేదాకా మా అక్క ఆలోచించింది. "గామె దేవరకొండ దిక్కు నుంచి వచ్చిందట బిడ్డా. అందరు దేవరకొండామె అనేటోళ్లు. పేరు నాకు ఎర్క లేదు. ఎర్కున్నోళ్లు ఎవ్వరు లేరు."

అఖిల తర్వాతి పోగు కంట్లో దూర్చి, "ఇది దేవరకొండామెది" అని నా చేతికిచ్చింది. నేను లాగి పక్కకు సర్దాను.

పెద్దవాళ్లం అయితే రెండు మూడు రోజుల్లో ముగించే పని పిల్లలతో వారం దాటింది. సాయంత్రాలు పిల్లలు వెళ్లిపోయాక రమ వెనక కూర్చునేది. మేస్త్రీ రెండుసార్లు వచ్చి రెండుసార్లూ చాయ్ తాగి పోయాడు. రాజేందర్ ఇంటికొచ్చేవాడు, మొరం కుప్ప చూసేవాడు, గదిలోకి తొంగి చూసేవాడు, ఏమీ అనకుండా స్నానానికి పోయేవాడు. వాడి మనసులో ఏముందో నాకు తెలియలేదు. పిల్లల సరదా తీరాక మగ్గం విప్పేస్తాడనే అనుకున్నాను. పిల్లల ముందర బయటపడలేదు కానీ, ఆ వారమంతా నాకు అదే బెంగ.

ఒక రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి పెందలాడే వచ్చాడు. వెనక త్రివేణి, అఖిల కూర్చుని ఉన్నారు. వాడు టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడి మగ్గం వంక చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"బాపు. నడిమిట్ల రెండు మారినయ్."

కళ్లద్దాలు సర్దుకుని చూశాను. నిజమే. రెండు పోగులు ఒకదాని కంట్లో ఒకటి దూరాయి. పొద్దుట్నుంచి నేను గమనించలేదు. వాటి తర్వాత ఎక్కించినవన్నీ తీసి మళ్లీ ఎక్కించాలి. పిల్లలిద్దరూ తలలు పట్టుకున్నారు.

చిన్నప్పుడు బడికి పోయే ముందు వాడిని వాళ్లమ్మ మగ్గం వెనక కూర్చోబెట్టేది. వాడికి ఆ పని అంటే కంపరం. అది తప్పించుకోవడానికే నల్లగొండ హాస్టల్లో చేరి చదువుకున్నాడని నేను ఇప్పటికీ అంటాను. అటువంటివాడు డబ్బా కింద పెట్టాడు. ప్యాంటు మడమల పైకి మడుచుకున్నాడు. "జర జరుగుండ్రి బిడ్డా" అని పిల్లల మధ్య కూర్చున్నాడు. తప్పిన దగ్గర్నుంచి పోగులన్నీ ఊడదీసి, మొదటిది కంట్లో దూర్చి ఇవతలికి చాపాడు.

"పట్టు," అన్నాడు.

ఆ మాట పిల్లలకు నేను నేర్పలేదు. రమకు కూడా తెలియదు. పోగుల సందులోంచి వాడి చేయి ఒక్కటే కనిపిస్తోంది. చిటికెన వేలు కొస లోపలికి వంగి ఉంది. అది వాళ్లమ్మ వేలు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పళ్లెంలో తిని, నేను ఆ వేలు చూడలేదు. నాకు కళ్లు మసకబారాయి. కొక్కెం దొరకలేదు.

"పట్టు, బాపు. ధ్యానం యాడున్నది?"

"ఈడనే ఉన్నది," అన్నాను.

ముగింపు ఆదివారం తల్లిదండ్రులందరినీ చర్చికి పిలిచారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను కానీ, లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను. పాస్టరు బెంజమిన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గోడ మీది జడ వైపు చూపించాడు.

"తాతగారూ, ప్రోగ్రాం అయిపోయినంక గా జడ మీకు ఇచ్చేస్తం. అమ్మగారి గుర్తు. మీ ఇంట్లనే ఉండాలె."

నేను ఆలోచించాను. "ఉండనీ అయ్యా. బతికున్నన్ని రోజులు కోడల్ని ఒక్కదాన్నే పంపింది. ఇంటికొచ్చేదాంక తినకుండ ఎదురుజూసేది. ఇప్పుడు ఈడనే ఉంటది, ఎదురుజూసే పని లేదు."

రమ వింది. ముఖం అటు తిప్పుకుని, పిల్లలను వరుసలో నిలబెట్టే పనిలో పడింది. ఒక్కొక్కరి భుజం పట్టుకుని నిలబెడుతోంది, అప్పటికే నిలబడినవాళ్లను కూడా.

పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి తమ వస్తువు ముట్టుకుని తమ ఇంటి ముచ్చట చెప్పారు. రాజేశ్ గంట ఊపి, మంద ఎటు పోయిందో వాళ్ల తాత చీకట్లో ఎట్లా కనిపెట్టేవాడో చెప్పాడు. త్రివేణి తన అవ్వ పెనం ఎందుకు మాడిందో చెబితే అవ్వే లేచి కాదని వాదించింది. చివరికి అఖిల వచ్చింది. జడను చేత్తో పట్టుకుంది.

"మా ఇంట్ల మగ్గం ముందట కూసున్నోళ్లు లింగయ్య, సత్తయ్య, మల్లయ్య, గండయ్య. వెనక కూసోని నూలు అందిచ్చినోళ్లు దేవరకొండామె, ఈరమ్మ, బాలమ్మ, లక్ష్మీనర్సమ్మ. దేవరకొండామె పేరు ఎవ్వరికి యాదికి లేదు, ఎవరికన్న ఎర్కుంటే జెప్పుండ్రి."

అక్కడ ఆగింది. మేమెవరమూ ఆ తర్వాతి మాట రాసివ్వలేదు.

"ఈ నూలు కోసింది అఖిల. మల్ల అందిచ్చింది మా అమ్మ, మా డాడీ, మా క్లాసోళ్లందరు. ఇంక అఖిల గూడ."

చప్పట్లు కొట్టారు. రెండో వరసలో కూర్చున్న రాజేందర్ తల వంచుకుని తన వేళ్లు చూసుకుంటున్నాడు. తర్వాత లేచాడు. వాడు నలుగురిలో మాట్లాడే మనిషి కాదు, పెళ్లిలో కూడా మాట్లాడలేదు. వాడు మాట్లాడింది కూడా పెద్ద మాటేం కాదు.

"పాస్టరు గారూ, వానలొస్తే మీ వాకిట్ల బురదైతది గద. మా ఇంటి ముందట మొరం కుప్ప ఉన్నది. రేపు తెచ్చి పోపిస్త."

"మీకు అవసరం లేదా అన్నా?" అన్నాడు పాస్టరు.

"లేదు. పిల్ల టేబుల్ కిటికీకి ఇవతల, మగ్గం పక్కన వేస్తం. జాగ సరిపోతది."

అఖిల తలుపు దగ్గర ఉన్న నా వైపు చూసింది. నేను చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, చెప్పులు వెతుక్కున్నాను. అన్నానికి ఉండమని పాస్టరు వెనక నుంచి పిలుస్తున్నాడు. ఇంకోసారి ఉంటానని చెప్పి ఇంటి దారి పట్టాను. మగ్గం సిద్ధంగా ఉంది, పొద్దు ఇంకా చాలా ఉంది.